విప్లవము, జాతి, వెట్టి: ఐరోపా జాతీయ విప్లవములును నిజాం రాష్ట్రాంధ్రోద్యమమును

‘విప్లవము’ అను పదము సంస్కృతమున ‘ప్లు’ ధాతువునుండి యేర్పడినది. ఆ ధాతువునకు తేలుట, ఈదుట, వెల్లువయై పారుట మొదలగు అర్థములు కలవు. కావుననే పూర్వప్రయోగములలో విప్లవమనగా ఉపద్రవము, అల్లకల్లోలము, రాజ్యమునకు వాటిల్లిన చేటు. అది తొలగిపోవలెనని కోరదగినదే గాని రావలెనని కోరదగినది కాదు. ఇరువదవ శతాబ్దమున నీ పదమే ప్రజలు తమ పాలనమును తామే మార్చుకొను మహాకార్యమునకు పేరయ్యెను. చెడ్డ అర్థము మంచి అర్థముగా మారుటను భాషాశాస్త్రజ్ఞులు అర్థోత్కర్ష యందురు. దానికి తెలుగున నింతకంటె చక్కని యుదాహరణము దొరకుట కష్టము. ఐరోపా భాషలలో దీనికి సమానమైన పదమునకు మూలార్థము ‘తిరుగుట’. 1543లో వెలువడిన కోపర్నికసు గ్రంథనామమున నది ఖగోళముల పరిభ్రమణమునే తెలుపును. మన ‘తిరుగుబాటు’లో నున్నదియు నా తిరుగుటయే. ఈ పోలిక కాకతాళీయము కావచ్చును గాని ముచ్చటైనది.

ఒక్క విప్లవమే కాదు. జాతి, ప్రజ, రాజ్యాంగము, ఉద్యమము అను పదములన్నియు నించుమించుగా నొకే తరములో పాత యర్థములను విడిచి క్రొత్త యర్థములను ధరించినవి. ఆ క్రొత్త యర్థములకు పుట్టినిల్లు పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపా. వానిని మన ప్రాంతమున నిలిపినది నిజాం రాష్ట్రములోని ఆంధ్రోద్యమము. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినచో నొక విషయము స్పష్టమగును. జాతీయ విప్లవమునందు భాష, రాజ్యాంగము, భూమి అను మూడు ప్రశ్న లిమిడియున్నవి. మొదటి రెండును విద్యావంతులవి, మూడవది కర్షకునిది. మూడవ దానికి సమాధానము చెప్పని చోట మొదటి రెండును నిలువలేదు. వియన్నాలోను, పెస్టులోను, సిసిలీలోను జరిగిన యీ కథయే ఓరుగల్లు చుట్టుప్రక్కల గ్రామములలోను జరిగినది.

నెపోలియను పతనానంతరము 1815లో వియన్నాయందు సమావేశమైన రాజులు ఐరోపాను మరల పంచుకొనిరి. ఏ ప్రజ లే భాష మాటాడుదురను విచారణ ఆ పంపకములో లేదు. ఇటలీ ముక్కలుగానే యుండెను. పోలండు మూడు రాజ్యముల పాలాయెను. 1819 నాటి కార్ల్‌స్‌బాడ్ శాసనములతో జర్మను రాజ్యములలో పత్రికలకును విశ్వవిద్యాలయములకును సంకెలలు పడినవి. గ్రీకులు 1821లో ఖడ్గము పట్టిరి. 1830లో పారిసు ప్రజలు రాజును వెడలగొట్టిరి. ఆ సంవత్సరమే బెల్జియము స్వతంత్రమయ్యెను. పిదప 1848 వచ్చినది. జనవరిలో పలెర్మో, ఫిబ్రవరిలో పారిసు, మార్చిలో వియన్నా, పెస్టు, బెర్లిను, మిలాను. మూడు దశాబ్దములకు పైగా ఐరోపా రాజనీతిని శాసించిన మెటర్నిఖ్ మార్చి 13వ తేదీన పదవి వదలి పారిపోయెను.

వీనిలో మార్చి 15వ తేదీన పెస్టు నగరమున జరిగినది సాహిత్య విద్యార్థులకు విశేషముగా గమనింపదగినది. ఆనాడు హంగరీ యువకులు పండ్రెండు కోరికల పట్టికను, కవి పెటోఫీ రచించిన జాతీయగీతమును చేతబట్టుకొని ఒక ముద్రణాలయములో ప్రవేశించి, ప్రభుత్వ పరిశీలకుని యనుమతి లేకయే అచ్చు వేయించిరి. ఆ పట్టికలో మొదటి కోరిక ముద్రణ స్వాతంత్ర్యమే. రాజధానిలోని కోటపై దాడి చేయుటకు ముందు అచ్చుయంత్రమును చేజిక్కించుకొనిన విప్లవమిది.

ఆ హంగరీలోనే ‘జాతి’ అను భావమునకు గల చిక్కుముడి బయటపడును. అచ్చట ‘నాతియో’ అను లాటిను పదమునకు అనాదిగా ప్రభువర్గమని యర్థము. జనాభాలో నూటికి అయిదుగురైనను లేని ఆ ప్రభువులే జాతి. వారి పొలములు దున్ను కర్షకులు జాతిలోని వారు కారు. ఒకడు మగ్యారు భాష మాటాడునా, స్లొవాకు భాష మాటాడునా యన్నది ఆ పాత లెక్కలో ముఖ్యము కాదు. 1848 ఏప్రిల్ శాసనములు దాస్యమును తొలగించి కర్షకుని జాతిలో చేర్చినవి. అనగా పుట్టుకనుబట్టి యేర్పడిన యొక వర్గమునకు పేరైన పదము ప్రజలందరికి పేరయినది. మన ‘జాతి’ పదము నడచిన త్రోవయు నిట్టిదే. ‘జన్’ ధాతువునుండి పుట్టిన యీ పదమునకు పుట్టుక, కులము, ప్రాణిభేదము అను నర్థములే మనకు పూర్వమునుండి తెలియును. నేటికిని గ్రామమున ‘నీ జాతి యేమి’ యని యడిగినచో కులమును చెప్పుదురే గాని దేశమును చెప్పరు. పాత యర్థము చావకుండగనే క్రొత్త యర్థము దానిపై కూర్చుండినది. కులములను దాటిన సమూహమును చెప్పుటకు కులమును తెలుపు పదమునే వాడవలసివచ్చుట మన జాతీయోద్యమమున కొక సహజమైన యిబ్బంది. 1910 నాటి గురజాడ ‘దేశభక్తి’ గేయము దేశ పదమునకు నేలయను నర్థమును త్రోసి జనులను నర్థమును ప్రతిష్ఠించుట యీ సందర్భమున స్మరణీయము.

హంగరీతో పోలిక యింతటితో ముగియలేదు. ఆ రాజ్యమున 1844 వరకు ప్రభుత్వ భాష లాటిను. అది యెవరి మాతృభాషయు కానందున నెవరికిని ప్రత్యేకముగా బాధ కలిగింపలేదు. ఆ సంవత్సరమున మగ్యారు భాష దాని స్థానము నాక్రమించగనే క్రోయటులు, స్లొవాకులు, రుమేనియనులు తమ భాషల సంగతి యేమని యడుగ నారంభించిరి. హైదరాబాదు రాజ్యమునను పారసీకము చిరకాలము ప్రభుత్వ భాషగా నుండెను. 1880 దశకమున దాని స్థానమున ఉర్దూ వచ్చినది. మృతభాషయో పరభాషయో తొలగి, ఇరుగుపొరుగున మాటాడు భాష సింహాసన మెక్కినప్పుడు తక్కిన భాషల వారికి తమ లేమి తెలియవచ్చును. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము దేశభాషలో ఉన్నతవిద్యను బోధించి భారతదేశమునకు మార్గము చూపినది. కాని ఆ దేశభాష రాజ్యమున నత్యధికులు మాటాడు తెలుగు కాదు. ఆ సంస్థ గొప్పతనమును, ఆ లోపమును రెంటిని నొప్పుకొనుటయే న్యాయము.

ఇది మతకలహముగా భావించువారు పొరబడుచున్నారు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు ‘మల్కిభరాము’డని తమవానిగా చేసికొనిరి. భారత యూనియనులో విలీనమును ఉర్దూ పత్రికలో ప్రబోధించినందుకు 1948 ఆగస్టులో ప్రాణము లర్పించిన షోయబుల్లాఖాన్ ఏ భాషకు శత్రువు?

లేమి తెలియవచ్చిన క్షణము మన చరిత్రలో తేదీతో సహా నిలిచియున్నది. 1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధినీ పాఠశాలయందు కార్వే పండితుని యధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండెను. ఉపన్యాసములు ఆంగ్లమునను, ఉర్దూ, మరాఠీ భాషలయందును సాగినవి. న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగున మాటాడ లేచినంతనే సభలో నవ్వులు, కేకలు చెలరేగినవి. ఆ రాత్రియే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావు దానికి ప్రాణమై నిలిచెను. రాజకీయ కారణములు వేయి యుండవచ్చును. ఉద్యమమునకు పేరు పెట్టించినది మాత్రము అవమానితమైన యొక భాష.

కాని అవమానము జరిగిన రాత్రియే సంఘ మేర్పడవలెనన్నచో దానికి పూర్వమే నేల తడిసియుండవలెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు శ్రీరాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు మున్నగువారు విజ్ఞానచంద్రికా మండలిని హైదరాబాదున స్థాపించిరి. ఆ మండలి మొట్టమొదట ప్రకటించిన గ్రంథము పురాణము కాదు, ప్రబంధము కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకను చరిత్రము. బానిసత్వమును రద్దు చేసిన దేశాధ్యక్షుని జీవితముతో నొక తెలుగు గ్రంథమాల ప్రారంభమగుట, ఆ గ్రంథకర్తయే మరుసటి సంవత్సరము తన పత్రికలోని వ్యాసమునకై రాజద్రోహ నేరముపై చెరసాలకేగుట, ఈ రెండును ఆనాటి గాలి యెటు వీచుచుండెనో చెప్పును. తరువాత నదే మండలి చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ను వెలువరించినది. చెక్ జాతికి పలాత్స్కీ బొహీమియా చరిత్ర మెట్టిదో మనకు వీరభద్రరావు గ్రంథ మట్టిది. నేటి శాసన పరిశోధన దానిలో దిద్దుబాట్లు చేయవచ్చును గాని, గతము కలదను ధైర్యమును తెలుగువారి కది యిచ్చినది.

ఇటలీ వీరుల కథలు మన దేశమునకు వచ్చిన దారులును తెలియుచున్నవి. లాలా లజపతిరాయ్ 1896లో మాజినీ, గారిబాల్డీల చరిత్రములను ఉర్దూలో వ్రాసెను. 1907లో సావర్కరు మాజినీ రచనలను మరాఠీలోనికి తెచ్చెను. ఉర్దూ, మరాఠీలు రెండును చదువగల నిజాం రాష్ట్రపు తెలుగు విద్యావంతునకు వీనియందు భాషాప్రతిబంధకము లేదు. గాంధీ మహాత్ముడు 1909లో ‘హింద్ స్వరాజ్’నందు మాజినీని కొనియాడుచునే, విదేశీయుడు పోయి స్వదేశపు రాజు వచ్చినంత మాత్రమున ఇటలీ శ్రామికునకు స్వాతంత్ర్యము రాలేదని హెచ్చరించెను. ఈ హెచ్చరికను ముందు మరల స్పృశింతుము.

సభలు చేయుటకు అనుమతి లేనిచోట సభకు వేరొక పేరు పెట్టుట ఐరోపా ఉదారవాదులు నేర్పిన యుపాయము. 1847లో ఫ్రాన్సున రాజకీయ సమావేశములపై నిషేధముండగా ప్రతిపక్షులు విందులు చేసి, భోజనానంతరము ఉపన్యసించిరి. 1848 ఫిబ్రవరిలో నట్టి యొక విందును ప్రభుత్వము నిషేధించుటయే పారిసు విప్లవమునకు నిప్పు రగిల్చినది. ఇటలీలో 1839 మొదలు శాస్త్రజ్ఞుల మహాసభలు నగరనగరమున జరుగుచుండెను. వచ్చినవారు వృక్షములను గూర్చి, ఖనిజములను గూర్చి చర్చించుచు ఇటలీ యొక్కటేయని గ్రహించిరి. నిజాం రాష్ట్రమున గస్తీ నిషాన్ 53 ప్రకారము సభ జరుపుటకు ముందుగా ప్రభుత్వానుమతి పొందవలసియుండెను. కావున గ్రంథాలయ సభలు, సాహిత్య సభలు రాజకీయమునకు గొడుగు పట్టినవి. పుస్తకములను గూర్చి మాటాడుటను కాదనుట యే ప్రభుత్వమునకైనను కొంత సిగ్గుగా నుండును గదా!

ఈ దశలో ఓరుగల్లు సీమ చేసిన సేవ మరపురానిది. 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు రైలుగాని పట్టణముగాని లేని ఇనుగుర్తి గ్రామమున ముద్రాయంత్రమును నెలకొల్పి ‘తెనుగు’ పత్రికను నడపిరి. నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావు ‘నీలగిరి’ని వెలువరించెను. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ పత్రిక’ ప్రారంభమైనది. తెలంగాణమున కవులు పూజ్యమను నొకరి మాటకు సమాధానముగా 1934లో ప్రతాపరెడ్డి ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి 354 మంది కవులను లోకమునకు చూపెను. అందలి పద్యములన్నియు నుత్తమ కవిత్వమని చెప్పజాలము. ఆ సంచిక విలువ కవిత్వముతో కొలువదగినది కాదు. అది యొక జాతి తన్ను తాను లెక్కించుకొనిన పట్టిక.

రెండవ ప్రశ్న రాజ్యాంగము. స్వామి, అమాత్యుడు, మిత్రుడు, కోశము, రాష్ట్రము, దుర్గము, బలము అను నేడును పూర్వులకు రాజ్యాంగములు. వీనిలో ప్రజలకు వేరుగా చోటు లేదు. రాజు సైతము లోబడవలసిన మూలశాసనమను నర్థము నేటిది. 1848 మే నెలలో ఫ్రాంక్‌ఫర్టున కూడిన జర్మను ప్రజాప్రతినిధులు పది నెలలు చర్చించి అట్టి శాసనమును సిద్ధపరచి, ప్రష్యారాజునకు కిరీటమును సమర్పింపగా, ప్రజలిచ్చు కిరీటము తనకు వలదని యాతడు త్రోసిపుచ్చెను. ఆ రాజే 1847లో పిలిపించిన సభ జన్మవర్గములనుబట్టి యేర్పడినది. 1939లో నిజాం ప్రభుత్వము ప్రకటించిన సంస్కరణములు సైతము ప్రాంతములనుబట్టి గాక వృత్తివర్గములనుబట్టి ప్రాతినిధ్యమునిచ్చుట చూడగా, తొంబది యేండ్ల నాటి యాలోచనయే మరల మన యింటికి వచ్చినట్లు తోచును. 1938లో స్టేటు కాంగ్రెసు పుట్టకమునుపే నిషేధింపబడినది. 1930లో జోగిపేటయందు ప్రతాపరెడ్డి యధ్యక్షతన ప్రారంభమైన ఆంధ్రమహాసభయే బాధ్యతాయుత ప్రభుత్వమను కోరికకు వేదిక కావలసివచ్చెను.

ఇక మూడవది. 1846 ఫిబ్రవరిలో గలీసియాయందలి పోలిషు ప్రభువులు ఆస్ట్రియాపై జాతీయ విప్లవము నారంభించిరి. వారి కర్షకులును పోలిషు భాషయే మాటాడువారు. అయినను ఆ కర్షకులు చక్రవర్తిపై తిరుగబడలేదు. కొడవళ్లు పట్టుకొని తమ ప్రభువుల భవనములపైననే పడిరి. సుమారు వేయిమంది హతులైరి. కొరడా పట్టినవాని భాష తన భాషయే యైనందున కర్షకునకు దెబ్బ తగ్గలేదు. జాతీయ చరిత్రకారులు దాటవేయదలచు నీ యధ్యాయము నా దృష్టిలో ఆ శతాబ్దమునకు తాళపుచెవి వంటిది.

ఆస్ట్రియా కర్షకుడు ప్రభువునకు ఉచితముగా చేయవలసిన పనికి ‘రోబోట’ యని పేరు. మన వెట్టి వంటిదే యది. సంస్కృత ‘విష్టి’ తెలుగున వెట్టి యైనది. పేరు మారినను బరువు మారలేదు. వియన్నా విప్లవ శాసనసభ 1848 సెప్టెంబరు 7వ తేదీన రోబోటను రద్దు చేసినది. కర్షకునకు కావలసినది చేతికందినది. అక్టోబరులో చక్రవర్తి సేనలు వియన్నాను ముట్టడించినప్పుడు గ్రామములు కదలలేదు. పట్టణ విప్లవకారు లొంటరిగా నిలిచి యోడిపోయిరి. ఇటలీలో 1860లో గారిబాల్డీ సిసిలీలో దిగినప్పుడు భూమి పంచెదమని ప్రకటించెను. ఆ మాటను నమ్మి బ్రోంటే గ్రామస్థులు భూస్వాములపై లేచి హత్యలకు పాల్పడగా, గారిబాల్డీ సేనాని బిక్సియో వచ్చి, త్వరత్వరగా విచారణ జరిపి, అయిదుగురిని కాల్పించెను. మహాత్ముని హెచ్చరికకు నింతకంటె వ్యాఖ్యానము వలదు.

తెలంగాణమున ఆంధ్రమహాసభ తొలినాళ్లనుండియు వెట్టిని ఖండించుచు తీర్మానములు చేసినది. సభాధ్యక్షులలో న్యాయవాదులు, భూవసతి గలవారు హెచ్చు. వారి చిత్తశుద్ధిని శంకింప నవసరము లేదు. కాని విన్నపములతో వెట్టి పోలేదు. 1944లో భువనగిరి మహాసభలో రావి నారాయణరెడ్డి యధ్యక్షుడు. సభ్యత్వ రుసుము నాలుగణాలనుండి ఒక్క అణాకు తగ్గింపబడినది. మూడణాల తగ్గింపు చిన్న విషయముగా కనబడవచ్చును. హంగరీలో ఏప్రిల్ శాసనములు చేసినదే యిచ్చట ఆ అణా చేసినది: సంఘము తలుపు పాలేరునకు తెరచినది. మితవాదులు వేరుపడిరి. పట్టణములలో పుస్తకముతో మొదలైన సంఘము పల్లెలలో ‘సంగము’గా మారెను. ఆ సున్నితమైన ధ్వనిమార్పులో సభ్యుల మార్పు వినబడును.

నాడు నల్లగొండ జిల్లాలోనుండి తరువాత వరంగల్లు జిల్లాలో చేరిన జనగామ తాలూకాయే ఆ పరిణామమునకు రంగస్థలము. విసునూరు దేశముఖు తన పంటను తరలింప యత్నింపగా పాలకుర్తి చాకలి ఐలమ్మ సంఘము నండతో నిలిచి పోరాడినది. వెట్టి చేయవలసిన కులమున పుట్టిన స్త్రీ కౌలుకు తీసికొనిన పొలముపై హక్కు చెప్పుట ఆ సీమకు క్రొత్త. 1946 జులై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలియైనాడు. అటుపిమ్మట జరిగిన సాయుధపోరాటము వేరొక గ్రంథమునకు విషయము. 1948 సెప్టెంబరు 17న రాజ్యము యూనియనులో చేరెను. 1949 ఆగస్టులో జాగీరుల రద్దు, 1950లో కౌలుదారుల రక్షణ చట్టము వచ్చినవి. వియన్నా సభ విప్లవము మధ్యలో చేసిన పనిని మనకు విప్లవానంతర ప్రభుత్వము చేసినది. పల్లె లేవకుండ నా చట్టములంత త్వరగా వచ్చియుండునని నేను నమ్మజాలను.

మిగిలిన ప్రశ్న యొక్కటి కలదు. అది పేరును గూర్చినది. 1830 దశకమున క్రోయేషియాలో లుదెవిత్ గాయ్ అను భాషావేత్త దక్షిణ స్లావుల నందరిని కలుపదలచి వారికి ‘ఇల్లిరియను’లను పురాతన నామమును పెట్టెను. 1843లో వియన్నా ఆ పేరును నిషేధించినది. నిషేధము తరువాత సడలినను ఆ పేరు మరల వేరూనలేదు. క్రోయటులు క్రోయటులుగా, సెర్బులు సెర్బులుగా మిగిలిరి. అయినను గాయ్ దిద్దిన లిపి క్రోయటు భాషకు నేటికిని ఆధారము. 1921లో ఓరుగల్లువారును, పాలమూరువారును తమకు తాము పెట్టుకొనిన పేరు ఆంధ్రులు. 1956లో రెండు ప్రాంతములు కలిసిన పిదప, ఒప్పందములు నెరవేరక 1969లో ఆందోళన చెలరేగిన పిదప, ఆ పదము తెలంగాణమున క్రమముగా ‘తీరప్రాంతమువారు’ అను నర్థమున కుదించుకొనిపోయెను. 2014 జూన్ 2వ తేదీన రాష్ట్రము వేరైనది. నేడు తెలంగాణ విద్యార్థి యొకడు మాడపాటి గ్రంథము ‘తెలంగాణా ఆంధ్రోద్యమము’ శీర్షికను చూచి, ఈ రెండు మాట లొక్కచోట నెట్లిమిడినవని యాశ్చర్యపడుట సహజము. ఎనుబది తొంబది యేండ్ల క్రింద ‘ఆంధ్ర’ మనగా తెలుగు మాత్రమే. హనుమకొండ భాషానిలయము పేరులోని ‘ఆంధ్ర’ పదము 1904 నాటి యర్థములోనే యున్నది.